గురువారం నీళ్లు

మన బ్యాచ్ సభకి వేసే సంచిక కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. మొదటి రెండుసార్లూ "రాస్తానులెండి" అని తప్పించుకున్నాను. మూడోసారి చేసింది గొట్టా (మన బ్యాచ్‌లో అందరికీ ఊరి పేరో, నీళ్లు పట్టిన స్టేషన్ పేరో ముద్దుపేరు). మెర్క్యురిక్ సల్ఫేట్ అనే పాదరసపు మందు బీరువా తాళం రెండేళ్లపాటు ఎవరి చున్నీకి ముడేసి ఉండేదో గుర్తున్నవాళ్లెవరూ ఆవిడకి కాదని చెప్పలేరు. "నాలుగు పేజీలు, ఒక ఫోటో. ఏడుపులొద్దు" అంది.

ఫ్రెషర్స్ డే గురించి తంపర రాస్తాడు. బస్సులో పైడిభీమవరం పాడిన పాట గురించి ఉద్దానం ముగ్గురిలో ఎవరో ఒకరు రాస్తారు. హాస్టల్ సాంబారు గురించి అందరూ రాస్తారు. నాకు మొదటి సెమిస్టర్‌లో గుర్తున్నది డిపార్ట్‌మెంట్ వెనక జీడిచెట్టొక్కటే. రెండో సెమిస్టర్లో అదీ లేదు. మిగతాదంతా మన నీళ్ల థీసిస్‌లు నడిపించిన మేడమే, నీళ్ల సీసాల్ని ఒకే వేడిలో ఉంచే ఇంక్యుబేటర్ పెట్టె మీద మేడమ్ అంటించిన ఆ కాగితమే: "గురువారం నీళ్లు పట్టరాదు."

జూనియర్లు చాలాకాలం అది సాయిబాబాకి మొక్కు అనుకున్నారు. అసలు లెక్క వేరు. పుస్తకాల్లో బీఓడీకి, అంటే నీళ్లలో మురికిని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో కొలిచే పరీక్షకి, 20 డిగ్రీలు, అయిదు రోజులు అని ఉంటుంది. మన ఎండలకీ మన కరెంటుకీ ఆ పెట్టె 20 దగ్గర నిలబడేది కాదు. అందుకని భారతీయ ప్రమాణం ఐఎస్ 3025 నలభై నాలుగో భాగంలో ఉన్న 27 డిగ్రీలు, మూడు రోజుల పద్ధతికి వచ్చేశాం. సోమవారం పెట్టిన సీసా గురువారం తీయాలి, బుధవారం పెట్టింది శనివారం. గురువారం పెడితే ఆదివారం. ఆదివారం తాళం ల్యాబ్ చూసుకునే మావయ్య దగ్గర, మావయ్య అత్తారింట్లో. సోమవారం తీస్తే నాలుగు రోజుల అంకె వస్తుంది. దానికి ఏ ప్రమాణంలోనూ చోటు లేదు. చోటు లేని అంకెని ఎవరో ఒకరు మూడు రోజుల గడిలో రాసేస్తారని మేడమ్‌కి తెలుసు. అందుకే ఆ తప్పుని నది ఒడ్డునే ఆపేశారు.

పొద్దున్న ఏడింటి పద్ధతీ ఆవిడదే. మనకి ముందు బ్యాచ్‌ల దాకా నాగావళి మీద థీసిస్ అంటే ఒక్క మనిషి, ఒక సంచీ, ఆర్టీసీ బస్సు. పొద్దున్న తోటపల్లిలో మొదలెట్టి, పాలకొండ మీదుగా దిగి, సాయంత్రానికి కళ్లేపల్లిలో సముద్రం దగ్గర ముగించేవారు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ పైన 6.1, కింద 8.4 వచ్చిందని, నది కిందకి పోయేకొద్దీ బాగుపడుతోందని ఒకాయన ముగింపు కూడా రాసేశాడు. మేడమ్ ఆ పేజీ మా ముందు పెట్టి, "ఇది నది కథా, గడియారం కథా?" అని అడిగారు. ఎండెక్కేకొద్దీ పాచి ఆక్సిజన్ వదులుతుంది, తెల్లవారుజామున అది అట్టడుగున ఉంటుంది. 30 డిగ్రీల మంచినీళ్లు గాలితో సరితూగి పట్టుకోగలిగింది లీటరుకి సుమారు 7.5 మిల్లీగ్రాములే. 8.4 వచ్చిందంటే నీళ్లు శుభ్రమని కాదు, మధ్యాహ్నమైందని. ఆరోజు నుంచీ నది పొడవునా నీళ్లు పట్టే ఎనిమిది స్టేషన్లలోనూ (ఎస్-1 నుంచి ఎస్-8 దాకా) ఒకేసారి, ఏడింటికి నీళ్లు పట్టాలన్నారు.

ఎనిమిది చోట్లకి ఇద్దరేసి చొప్పున పదహారుమంది కావాలి. మనం పద్నాలుగుమందిమి, ఇద్దరు జూనియర్లు. అంటే ఎవరి థీసిస్ నీళ్లయినా అందరూ పట్టాల్సిందే. "నీ నదికి నేను, నా నూతికి నువ్వు" అన్న జాబితా నోటీసు బోర్డు మీదకెక్కింది. ముందురోజు రాత్రే జంటలు బయల్దేరి అక్కడెవరి చుట్టాలింట్లోనో పడుకునేవి. పాలకొండలో ఎస్-3 వాళ్ల పిన్ని పోసిన చోడంబలి కోసం జాబితాలో పేర్లు మార్పించుకున్నవాళ్లు ఎవరో వాళ్లకే తెలుసు.

సంచీలో ఏముండేదో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలను. మూడువందల మిల్లీలీటర్ల బీఓడీ సీసాలు ఆరు, ఆక్సిజన్‌ని సీసాలోనే పట్టి ఉంచే రెండు మందులు మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ అజైడ్, రెండు మిల్లీలీటర్ల పిపెట్లు రెండు (ఒకదాని మందులో ఇంకోటి పెట్టకుండా రంగుదారం కట్టినవి), థర్మామీటర్, పెన్సిల్, టేపు. సీసాని నీళ్లలో వాల్చి మెల్లగా నింపాలి. బిరడా పెట్టాక తలకిందులు చేసి చూస్తే బుడగ కనపడకూడదు. కనపడితే పారబోసి మళ్లీ పట్టాల్సిందే. పిపెట్ కొన నీటిమట్టం కింద ఉంచి ఒక్కో మందూ రెండేసి మిల్లీలీటర్లు వదలాలి. గోధుమరంగు పీచు దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే లేనట్టు. ఊరి కాలవ కలిసేచోట అది తెల్లగా దిగినరోజు ఎస్-5 జంట తిరుగు బస్సులో ఒక్కమాట మాట్లాడలేదు. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ మాత్రం సంచీలో పెట్టనిచ్చేవారు కాదు. "బస్సులో కోడిపెట్టలుంటాయి, పిల్లలుంటారు" అని. ఒడ్డున పీచు దింపి, తడిగోనె చుట్టి, నీడలో తెచ్చి, యాసిడ్ ల్యాబ్‌లోనే. పదకొండు లోపల టైట్రేషన్, అంటే మందు చుక్కచుక్కగా వేసి కొలవడం, అయిపోవాలి.

203 సంగతి మర్చిపోయినవాళ్లకి వైవా గది గుర్తు చేస్తాను. రెండు మందులూ కలిపి నాలుగు మిల్లీలీటర్ల నీళ్లని బయటికి తోసేస్తాయి కాబట్టి, అసలు నీళ్లు 200 రావాలంటే సీసాలోంచి 203 తీసుకోవాలి. అప్పుడు, యాసిడ్ పోశాక ఆక్సిజన్ బదులు బయటపడే అయోడిన్‌కి 0.025 నార్మల్ థయోసల్ఫేట్ ఎన్ని మిల్లీలీటర్లు పడితే లీటరుకి అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్. "203 ఎందుకు" అంటే "పుస్తకంలో ఉంది మేడమ్" అన్న మహానుభావుడు ఇప్పుడు అదే ప్రశ్న మీద పిల్లల్ని ఫెయిల్ చేస్తున్నాడని విన్నాను. మంచిదే. నీళ్లు ఎండుగడ్డి రంగుకి వచ్చాకే గంజి ద్రావణం వెయ్యాలన్నదీ చెప్తున్నాడనుకుంటా. ముందే వేస్తే అయోడిన్ గంజిని పట్టుకుని వదలదు, నీలం పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది.

చేపల మార్కెట్ ఐసు తంటా వేరు. నైట్రేటు, అమ్మోనియా నమూనాలకి చల్లదనం కావాలి, మనకి దొరికేవి చేపలవాళ్ల థర్మకోల్ పెట్టెలూ వాళ్ల ఐసూ. ఒక నెల అమ్మోనియా అన్ని స్టేషన్లలోనూ ఎగబాకింది. ఉప్పెనలా వచ్చిన ఆ కాలుష్యం ఎక్కడిదని పది రోజులు చర్చలు. చివరికి మావయ్య పెట్టె వాసన చూసి, "ఏటి బాబూ, ఇది వంజరం కదేటి" అన్నాడు. కరిగిన ఐసునీళ్లు మూతల సందుల్లోంచి సీసాల్లోకి దిగుతున్నాయి. ఆ తర్వాత ఐసుని పాలిథిన్ సంచుల్లో కట్టి పెట్టడం, సీసాల మూతలు మట్టం పైనే ఉంచడం, దారిలో ఏమైనా కలుస్తోందేమో తెలియడానికి డిస్టిల్డ్ నీళ్లు నింపిన ఒక సీసాని కూడా ఊరంతా తిప్పి తెచ్చి అదీ పరీక్షించడం మొదలైంది. ఆ ఊరికే తిరిగొచ్చే సీసాకి తంపర పేరు పెట్టింది ఎవరో నేను రాయను.

కళ్లేపల్లి ఫ్యాక్టరీ గురించి రాయకపోతే గొట్టా ఊరుకోదు. ఎస్-8లో సీఓడీ, అంటే నీళ్లలో మురికిని డైక్రోమేటు మందుతో కాల్చి కొలిచే అంకె, ఆకాశానికంటింది. ఏ గొట్టం వదులుతోందోనని ఒడ్డంతా వెతికొచ్చారు, అర్జీ ముసాయిదా కూడా తయారైంది. మేడమ్ అడిగింది ఒక్కటే: "క్లోరైడ్ చూశారా?" నది మొగలో ఆటుపోటుకి ఉప్పునీళ్లు ఎదురొస్తాయి. డైక్రోమేటు మురికిని కాల్చినట్టే క్లోరైడ్‌నీ కాలుస్తుంది, ఆ ఖర్చంతా సీఓడీ పద్దులో పడుతుంది. మెర్క్యురిక్ సల్ఫేట్ క్లోరైడ్‌కి పదిరెట్ల బరువుంటేనే అడ్డుకుంటుంది. క్లోరైడ్ లీటరుకి 2000 మిల్లీగ్రాములు దాటితే ఆ పద్ధతినే నమ్మకూడదు. తాళం గొట్టా చేతికి వెళ్లింది ఆ రోజే. పాదరసం కలిసిన ఆ వ్యర్థం సింకులో పడకుండా నల్లడబ్బాలో పోయించింది కూడా ఆవిడే. నదిని కాపాడ్డానికి చదువుతూ సింకులో పాదరసం పోసేవాడికి డిగ్రీ ఎందుకనేది.

ఉద్దానం ముగ్గురి మీద మేడమ్‌కి ఇంకో రకం కఠినం. అక్కడ కిడ్నీజబ్బుకి కారణం తేలలేదు. నీళ్లనీ సిలికా అనీ ఎండ అనీ పురుగుమందులనీ అనుమానాలున్నాయి గానీ నిర్ధారణ లేదు. అందుకని ఎవరింటి ముందూ "ఈ నీళ్ల వల్లే" అన్నమాట నోట రాకూడదు. బోరు పంపు కొట్టి మొదటి నీళ్లు పట్టకూడదు, అయిదు పది నిమిషాలు వదిలేశాకే. లోహాలకి పది శాతం నైట్రిక్ యాసిడ్‌తో కడిగిన సీసా, ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ సీసా. ఆ తర్వాత అసలు నియమం: ఎవరి నుయ్యి నీళ్లు తీసుకున్నామో ఆ ఇంటికి ఫలితాల చీటీ తెలుగులో వెనక్కి ఇచ్చి రావాలి. ఒక పక్క మన అంకె, రెండో పక్క తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 హద్దు, అంటే లీటరుకి మిల్లీగ్రాముల్లో ఫ్లోరైడ్ 1.0, వేరే దారి లేకపోతే 1.5, నైట్రేట్ 45, గట్టితనం 200, వేరే దారి లేకపోతే 600. "తాగొచ్చు", "తాగకూడదు" అని రాయడానికి లేదు. చీటీలు అందాయన్న సంతకాల పుస్తకం లేకపోతే థీసిస్ మీద మేడమ్ సంతకం లేదు. "సర్వేలోళ్లు వస్తారు, పోతారు, మీరేటి మళ్లీ వచ్చినారు?" అని కవిటిలో ఒక ముసలమ్మ అడిగిందట. ఆ చీటీని దేవుడి పటం వెనక పెట్టుకుందట కూడా.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. తర్వాత రెండో విడత నమూనాలకి వెళ్తే నూతులు దొరకలేదు. నోట్‌బుక్కులో అన్నీ "పెద్ద కొబ్బరిచెట్టు పక్కన", "మూడు కొబ్బరిచెట్ల దగ్గర బోరు". చెట్లే లేవు. పన్నెండు నూతుల్లో ఏడింటిని మాత్రం చీటీల పుస్తకంలో ఇంటివాళ్ల పేర్లు చూసి కనుక్కున్నారు. మిగతా అయిదూ థీసిస్‌లో "గుర్తించలేకపోయాం" అనే ఉన్నాయి, అలాగే ఉంచమన్నారు మేడమ్. ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు రాసుకోవడం ఆ తర్వాతే అలవాటైంది.

శనివారం మూడింటికి తప్పుల పుస్తకం. ఎవరి పొరపాటు వాళ్లే లేచి చదవాలి. ఏం జరిగింది, ఎలా తెలిసింది, ఏ అంకెలు కొట్టేశాం. కొట్టేసినది ఒక్క గీతతో, కింద అంకె కనపడేలా. వైట్‌నర్ పూసిన పేజీ దొరికితే ఆ నెల నీళ్లు మొత్తం మళ్లీ పట్టించేవారు. మన థీసిస్‌లకి ఎవరి దగ్గరా ఫెలోషిప్ లేదు. నెలనెలా వందేసి రూపాయల నీళ్ల చిట్టీ, అందులోంచే ఫెరాయిన్ లాంటి మందులు, ఐసు, బస్సు చార్జీలు. ఇప్పుడు పెద్ద సంస్థల్లో పనిచేస్తూ నిధుల గురించి మాట్లాడేటప్పుడు ఆ చిట్టీ లెక్కల పుస్తకం ఒకసారి చూసుకోవాలనిపిస్తుంది. పైసా తేడా లేదు.

అయాన్ల పెళ్లి చూపులు, అంటే నీళ్లలో ధన, రుణ అయాన్ల లెక్క సరితూగిందో లేదో చూడడం, కూడా శనివారమే. కాల్షియంని 20తో, మెగ్నీషియంని 12.15తో, సోడియంని 23తో భాగించి ఒక పక్కకి, వీళ్లు మగపెళ్లివారు. బైకార్బొనేట్‌ని 61తో, క్లోరైడ్‌ని 35.45తో, సల్ఫేట్‌ని 48తో, నైట్రేట్‌ని 62తో భాగించి రెండో పక్కకి, వీళ్లు ఆడపెళ్లివారు. తేడాని మొత్తంతో భాగిస్తే అయిదు శాతం దాటకూడదు. దాటితే సంబంధం తప్పినట్టే. మగపెళ్లివారు తక్కువైతే సోడియం చూడమనేవారు, ఆడపెళ్లివారు తక్కువైతే బైకార్బొనేట్ ఏరోజు చేశారని అడిగేవారు. వచ్చినరోజే చేయకపోతే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి, సున్నం అడుక్కి దిగి కట్నం తగ్గుతుంది. థీసిస్‌లో పద్ధతుల అధ్యాయం ముందు రాయించి, దాన్ని చదివి ఆ పరీక్ష చేయమని వేరే స్టేషన్ వాళ్లకి ఇచ్చేవారు. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ వాక్యం తప్పు. మన థీసిస్‌లలో ఇంగ్లీషు ఎలా ఉన్నా ఆ అధ్యాయాలు మాత్రం ఇప్పటికీ ఎవరైనా అప్పు అడుగుతూనే ఉంటారు.

మేడమ్ రిటైరయ్యారు. ఎస్-3 కాలుష్య నియంత్రణలో, ఇద్దరు కాలేజీల్లో, పైడిభీమవరం నిజంగానే మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో. నేను నడిపే ల్యాబ్ చిన్నదే, ఎనిమిదిమంది పనిచేస్తారు, గుర్తింపు తనిఖీకి వచ్చినాయన గోడమీద కాలెండర్లో గురువారాలన్నీ ఎర్రగా కొట్టేసి ఉండడం చూసి, ఏంటని అడక్కుండా నవ్వాడు. ఎక్కడ చదివాడో అడిగాను, మన సీనియరే.

తప్పుల పుస్తకం మొదటి సంపుటం గొట్టా దగ్గరుంది, సభకి తెస్తానంది. రెండోది, తిత్లీ ఉన్నది, ఎవరి అట్టపెట్టెలోనో ఉండిపోయింది. చివరగా ఎస్-6 చేతిలో చూశాను. బాబూ, వెతికి తీసుకురా. నలభై ఒకటో పేజీలో నాది ఒకటి ఉంది, జూనియర్లు చదవక ముందే నేనే లేచి చదవాలి.