పెద్ద ఉంగరం వేలిమీద నిలవాలంటే

అమెరికాలో మద్యనిషేధం నడిచిన 1920–33 మధ్య, చాటుమాటు విందుల్లో ఆడవాళ్లు పెట్టుకున్న భారీ రాళ్ల ఉంగరాలకే కాక్‌టెయిల్ రింగులని పేరొచ్చింది. మనకు పెద్ద ఉంగరం కొత్తేం కాదు. మొఘలుల విలుకాళ్లు బొటనవేలికి తొడిగిన ఉంగరం వింటినారి లాగడానికి, తర్వాత అదే దర్పానికి గుర్తయింది. మన పెళ్లిళ్లలో V ఆకారపు వంకీ ఉంగరం అందం వేరు, వేలిని పొడవుగా చూపిస్తుంది.

నెల్లూరు ఆచారి వీధిలో చేయించుకునేవాళ్లు ముందు కొలత చూసుకోండి. వేలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో తీసి 40 తీసేస్తే మన సైజు: 52 అయితే 12. ఉదయం చలికి వేలు సన్నబడుతుంది, మన ఎండకు ఉబ్బుతుంది, అందుకే సాయంత్రం కొలవాలి. ఉంగరం పట్టీ వెడల్పు 6 మి.మీ. దాటితే అర సైజు పెంచాలి.

ఎక్కువమంది చెప్పే బాధ, ఉంగరం పక్కకు తిరిగిపోవడం. బరువంతా పైన, అడుగు సన్నం, అదే కారణం. సైజు తగ్గిస్తే కణుపు దాటదు. అడుగున లోపలివైపు రెండు చిన్న గుండ్లు అతికించమనండి, చక్కగా నిలుస్తుంది.

పెద్ద రాయి పొదగడానికి 22 క్యారెట్ల బంగారంకంటే 18 నయం. మెత్తటి బంగారంలో రాయిని పట్టుకునే గోళ్లు వంగి, పట్టుచీర పోగులు లాగేస్తాయి. ముత్యం, పగడం, పచ్చ ఉంటే సైజు మార్చే ముందు వాటిని ఊడదీయించాలి, మంట సెగకు పాడవుతాయి. తూకంలో రాళ్ల బరువు తీసేశారో లేదో, అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హాల్‌మార్క్ సంఖ్య బిల్లుతో సరిపోతుందో లేదో అక్కడే చూసుకోండి.