ఆతతాయి అని ఎవరిని అనాలి?

దుండగుడు, నిందితుడు, హంతకుడు క్రైం వార్తల్లో రోజూ కనిపించే మాటలే. ఆతతాయి మాత్రం ఎప్పుడో ఒకసారి, అదీ 'పరమ దుర్మార్గుడు' అనే తిట్టుగా కనిపిస్తుంది. అలా వాడితే మాట వృథా అయినట్టే.

ఆతతం అంటే లాగి సాగదీసింది. నారి లాగిన వింటితో మీదికొచ్చేవాడు ఆతతాయి. బాణం ఇంకా వదల్లేదు, మనిషి మాత్రం వచ్చేస్తున్నాడు. హంతకుడు అనాలంటే ప్రాణం పోయి ఉండాలి, నిందితుడు అనాలంటే ఫిర్యాదైనా ఉండాలి. ఆతతాయి అనడానికి ఆ రాక చాలు.

వసిష్ఠ ధర్మసూత్రం ఈ మాట కింద ఆరుగురిని చేర్చింది: నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధం పట్టి వచ్చేవాడు, సొత్తు దోచేవాడు, పొలం కాజేసేవాడు, పరుల భార్యను ఎత్తుకుపోయేవాడు. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు కౌరవులను ఆతతాయులనే అంటాడు. లక్క ఇల్లు, భీముడికి పెట్టిన విషం, జూదంలో లాక్కున్న రాజ్యం, ద్రౌపదిని సభకు ఈడ్చడం... జాబితా దాదాపు నిండింది. ఆతతాయిని చంపితే దోషం లేదని మనుస్మృతి అంటుంది. అయినా వీళ్లను చంపితే పాపమే చుట్టుకుంటుందంటాడు అర్జునుడు. అక్కడ 'దుర్మార్గులను' అని తెలుగు చేస్తే ఈ మెలిక మొత్తం ఎగిరిపోతుంది.

భాగవతంలో అశ్వత్థామను కృష్ణుడు ఇదే మాటతో అనేసరికి అతను ఉపపాండవులను చంపేసి, పట్టుబడి, కట్టేసి ఉన్నాడు. అంటే అర్థం అప్పటికే కొంత సడలింది.

ఇప్పటి చట్టంలో దీనికి దగ్గరగా ఉన్నది ఆత్మరక్షణ హక్కు: 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు. ప్రాణాపాయం ఉందన్న సహేతుకమైన భయం కలగగానే హక్కు మొదలవుతుంది, దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. ఆ భయం పోగానే హక్కూ పోతుంది. పారిపోతున్నవాణ్ని వెంటాడి కొడితే ఆత్మరక్షణ అనిపించుకోవడం కష్టం. ఇంటికి నిప్పు పెట్టేవాడు ఈ చట్టంలోనూ ఉన్నాడు. పొలం గట్టు జరిపినవాడి మీద మాత్రం ప్రాణం తీసే హక్కు లేదు, కోర్టుకెళ్లాల్సిందే.

రాసేటప్పుడు 'ఆతాతాయి' అని దీర్ఘం పెట్టకండి. బహువచనం యోగులు, రోగులు లాగే ఆతతాయులు. 'ఆతతాయిని' సంస్కృతంలో స్త్రీలింగానికీ దగ్గరే (అక్కడ చివర దీర్ఘం), తెలుగులో ద్వితీయా విభక్తి. అందుకని ఆడమనిషి గురించైతే 'ఆతతాయి అయిన ఆమె' అని విడదీసి రాయడం మేలు.