ఐఎఫ్ఎస్ మొదటి ప్రిఫరెన్స్‌గా పెట్టాలనుకునేవాళ్లకి

సివిల్స్ పరీక్షకి సర్వీస్ ప్రిఫరెన్స్ నింపేటప్పుడు ఐఏఎస్ కింద ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారిన్ సర్వీస్, అంటే దౌత్య ఉద్యోగం) అని అలవాటుగా రాసేవాళ్లే ఎక్కువ. దాన్ని మొదట పెట్టాలనుకుంటే మాత్రం ఆ ఉద్యోగంలో రోజూ ఏం చేస్తారో ముందు తెలుసుకోండి, ఎందుకంటే ఇంటర్వ్యూలో అడిగేది అదే.

కోచింగ్ నోట్సులో శిఖరాగ్ర సదస్సులు, క్వాడ్, బ్రిక్స్ లాంటి దేశాల కూటములు ఇవే ఉంటాయి. అవీ కావాలి. కానీ మెయిన్స్ జీఎస్-2 (జనరల్ స్టడీస్ రెండో పేపరు) సిలబస్‌లో ప్రవాస భారతీయులు అన్న మాట స్పష్టంగా ఉంది, దాన్ని చాలామంది ఒక పేజీతో సరిపెడతారు. మాది జగిత్యాల వైపు, ఏ వాడకెళ్లినా గల్ఫ్‌కి పోయినవాళ్ల ఇల్లు ఒకటి కనబడుతుంది, అందుకే నేను ఆ భాగం మీదే ఎక్కువ కూర్చున్నా. విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో పార్లమెంటు ప్రశ్నలకిచ్చిన జవాబులుంటాయి. అవి చదవండి, ఏ పుస్తకమూ అంత సూటిగా చెప్పదు.

ఇంటర్వ్యూలో నన్ను నేరుగా అడిగారు: మీ జిల్లా కూలీ అక్కడ చనిపోతే ఎంబసీ ఏం చేస్తుంది? మరణ ధృవీకరణ పత్రం, పోలీసు రిపోర్టు, ఇంటివాళ్ల సమ్మతి పత్రం, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆ తర్వాతే విమానం అని వరసగా చెప్పా. యజమాని ఖర్చు పెట్టుకోనంటే? 2009లో పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది, దిక్కులేనివాళ్లకి అందులోంచి ఇస్తారన్నా. శవం కోసం వారాల తరబడి ఎదురుచూసే ఇళ్లను చూసినవాడిని కాబట్టి గొంతు కాస్త వణికింది, దాన్ని దాచుకోవాలని అనిపించలేదు.

1961, 1963 వియన్నా ఒప్పందాలు రెండూ వేరువేరుగా చదవండి. మొదటిది దౌత్య సంబంధాలది, రెండోది కాన్సులర్ పనిది, అంటే పరాయి దేశంలో ఉన్న మనవాళ్లకి సాయపడే పనిది. అరెస్టైన మనవాడిని కలిసే హక్కు రెండోదాంట్లో, 36వ అధికరణంలో ఉంది. గూఢచారి అంటూ పాకిస్తాన్ పట్టుకున్న మన మాజీ నేవీ అధికారి కులభూషణ్ జాధవ్ కేసులో 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్‌ని తప్పుపట్టింది దాని మీదే. మెయిన్స్‌లో ఈ ఉదాహరణ రాస్తే జవాబుకి బలం వస్తుంది.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. సెలెక్టయ్యాక ఎలాగూ అరబిక్, రష్యన్, చైనీస్ లాంటి భాష ఒకటి కేటాయిస్తారు, అందులో పరీక్ష పాసైతేనే సర్వీసులో కన్ఫర్మ్ చేస్తారు. కాబట్టి కొత్త భాష నేర్చుకోవడం ఇష్టం లేకపోతే ప్రిఫరెన్స్ ఇప్పుడే మార్చుకోండి.