నాలుగు గుర్రాలతో రేసా?

హార్నెస్ రేసు ఇది: గుర్రం రెండు చక్రాల బండి లాగుతుంది, డ్రైవర్ అందులో కూర్చుని తోలుతాడు. మొబైల్ గేటు, అంటే ముందు కదిలే కారుకి బిగించిన స్టార్టింగ్ గేటు, దాని రెక్కల వెనక నాలుగే గుర్రాలు. అమెరికాలోని ఒహాయోలో కౌంటీ ఫెయిర్ (మన తిరునాళ్ల లాంటిది), అర మైలు ట్రాక్, రెండు చుట్లు. మొదటి మలుపులోనే ఒకటి పేస్ (ఒకే పక్క రెండు కాళ్లూ కలిపి వేసే నడక) తప్పి దౌడు అందుకుంది. డ్రైవర్ దాన్ని బయటికి లాగి మళ్లీ నడకలో పెట్టేసరికి రేసు మూడింటిదే అయిపోయింది.

హాబుల్స్ వదులైనట్టుంది. ఒకే పక్క ముందు కాలినీ వెనక కాలినీ కలిపే పట్టీలవి. వదులైతే దౌడు, బిగిస్తే అడుగు కురచ, పైగా చర్మం ఒరుసుకుపోతుంది. ఒక్కో రంధ్రం మార్చి, తోలి చూసి, మళ్లీ మార్చాలి. ఈ పని కొట్టంలో పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

అలాంటి కొట్టాలే తగ్గాయి. ఒకటో రెండో గుర్రాలు పెట్టుకుని, పొద్దున్నే జాగ్ కార్టు (సాధన బండి) కట్టి మూడు నాలుగు మైళ్లు తిప్పి, ఫెయిర్‌లో తనే తోలుకునే రైతు ఇప్పుడు అరుదు.

లెక్క చూడండి. ప్రైజ్ మనీ మామూలుగా 50, 25, 12, 8, 5 శాతం. అందులో ట్రెయినర్‌కి 5, డ్రైవర్‌కి 5. ఆరో స్థానానికి సున్నా. నాలుగైదు వారాలకోసారి నాడాలు మాత్రం గెలిచినా ఓడినా వేయించాలి. దాణా, డాక్టరు, ట్రైలర్ డీజిల్ సరేసరి.

2012లో ఇక్కడి రేసు ట్రాకుల్లో స్లాట్ మెషీన్లు (జూదం యంత్రాలు) వచ్చాక, వాటి రాబడిలో వాటాతో ప్రైజులు పెరిగాయి, నిజమే. ఇరవై గుర్రాలున్నవాడికి అది కలిసొచ్చింది. ఒక్కటే ఉన్నవాడు అదే గేటు వెనక వాడితో పోటీ పడాలి కదా!

ఓనరే తోలాలి, అతని దగ్గర గుర్రాలు రెండుకి మించకూడదు అని ఫెయిర్‌కో రేసు పెట్టొచ్చు. అమెచ్యూర్ డ్రైవర్ల రేసులు ఎలాగూ ఉన్నాయి.