బెంజ్ ఇంజన్ల పొగ, నేతాజీ ప్రయాణం

మా షెడ్డులో గ్రైండింగ్ మెషిన్ పక్క గోడకి నాన్న తగిలించిన నేతాజీ క్యాలెండర్ ఇప్పటికీ ఉంది. తేదీల కాగితాలు ఎప్పుడో చిరిగిపోయాయి, బొమ్మ మిగిలింది. మిలిటరీ టోపీ, కళ్లద్దాలు, వాటి మీద ఏళ్ల తరబడి పట్టిన మసి. ఆటోనగర్‌లో డీజిల్ పంపులు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు బాగుచేసే చోట ఏ దేవుడి పటమైనా అంతే.

పోయిన నెల మా మేనల్లుడు బల్ల మీద కూర్చుని ఫోన్ చూస్తూ, "మామయ్యా, ఈయన జర్మనీ నుంచి సబ్‌మెరైన్‌లో వచ్చాడు తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. "దాంట్లో ఇంజన్లేంటో తెలుసా? బెంజ్‌వి. ఆరు!" అన్నాడు. చేతిలో పానా కింద పెట్టాను. నాకు బెంజ్ అంటే మా విజయవాడ బెంజ్ సర్కిలే. (దానికి ఆ పేరెలా వచ్చిందంటే పటమటలో తలో కథ చెబుతారు, ఆ గొడవలోకి నేను పోను.)

ఆ జలాంతర్గామి పేరు యు-180. కెప్టెన్ వెర్నర్ ముసెన్‌బెర్గ్. 1942 మే నెలలో దాన్ని చేతికిచ్చారు. పైన తేలి వెళ్లేటప్పుడు 20 నాట్లు (గంటకి సుమారు 37 కిలోమీటర్లు) దాటి పరిగెత్తాలని, చిన్న టార్పెడో బోట్లకి వాడే ఇంజన్లు తెచ్చి బిగించారు. ఒక్కోదానికి 20 సిలిండర్లు, 1500 హార్స్‌పవర్. సిలిండరుకి ఒక నాజిలే లెక్కేసుకున్నా 120 నాజిళ్లు! అన్నీ నాకు తెచ్చిస్తే ఎన్ని రోజులు పడుతుందా అని లెక్క కూడా వేశాను, సిగ్గులేకుండా.

కానీ పందెం ఎడ్లని తెచ్చి గానుగకి కడితే ఏమవుతుంది? అదే అయింది. ఇంజన్లు వేడెక్కేవి, దట్టంగా పొగ కక్కేవి. లారీ పొగ కక్కితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపుతాడు, ఫైన్ కట్టి పోతాం. సముద్రంలో అలా కాదు. చుట్టూ అడ్డేమీ ఉండదు, పొగ లేచిందంటే మైళ్ల దూరం నుంచి కనిపిస్తుంది. పోనీ నీళ్లలోనే ఉండిపోదామంటే కుదరదు. లోపల నడిచేది బ్యాటరీల మీద. అవి చార్జ్ కావాలంటే పైకి రావాలి, డీజిల్ ఇంజన్లు తిప్పాలి.

నాజిల్ టెస్టర్ మీద పెట్టి లివర్ నొక్కితే డీజిల్ మంచులా చిమ్మాలి. బొట్టుబొట్టుగా కారితే ఆ బండి నల్లపొగ వదులుతుంది. నీలం పొగ వస్తే ఇంజనాయిలు కాలుతోందని అర్థం. ముసెన్‌బెర్గ్ సైలెన్సర్ వంక చూసి ఏ రంగు చూశాడో గానీ, ఆ టెన్షన్ మాత్రం నాకు అర్థమవుతుంది.

1943 ఫిబ్రవరి 9న కీల్ రేవు నుంచి బయలుదేరారు. నేతాజీతో కలిపి ఎక్కిన ఇద్దరూ నార్వే వెళ్లే ఇంజనీర్లని సిబ్బందికి చెప్పారట. ఆ రెండో మనిషి ఆబిద్ హసన్, మన హైదరాబాద్ వాడు. ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లి నేతాజీకి సెక్రటరీ అయ్యాడు. "జై హింద్" నినాదం ఆయనదే అంటారు. లోపల రొట్టెలకీ దుప్పట్లకీ అన్నిటికీ డీజిల్ వాసనేనని తర్వాత చెప్పుకొచ్చాడు. ఇది చదివి మా ఆవిడకి వినిపించాను. "మీ క్యారేజీ రోజూ కడిగేదాన్ని నేను, నాకెందుకు చెబుతారు" అంది.

ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికాకి తూర్పున కార్బిస్ అనే బ్రిటిష్ ట్యాంకర్‌ని ముంచారు. దాంట్లో వాళ్లు బతికింది చాలా కొద్దిమంది. నేతాజీని దాటించాడు కదా అని ముసెన్‌బెర్గ్‌కి చేతులెత్తి దండం పెట్టాలనిపించి, సరిగ్గా ఇక్కడికొచ్చేసరికి చేతులు ఆగిపోతాయి. ఆ ట్యాంకర్‌లోనూ ఇంజన్ రూమ్ ఉంటుంది, అందులోనూ నాలాగా మసి పూసుకున్న వాళ్లుంటారు. ముసెన్‌బెర్గ్ కూడా హిట్లర్ కోసం పనిచేసిన మనిషే.

మడగాస్కర్ దాటాక జపాన్ జలాంతర్గామి ఐ-29 ఎదురొచ్చింది. అలలు ఎక్కువగా ఉండి, అవి తగ్గేదాకా రెండూ పక్కపక్కనే నడిచాయి. ఏప్రిల్ 28న నేతాజీ, హసన్ రబ్బరు పడవలో తడిసి ముద్దయి అటు దాటారు. అటు నుంచి ఇద్దరు జపాన్ నేవీ ఆఫీసర్లు ఇటొచ్చారు, సుమారు రెండు టన్నుల బంగారం కూడా. ఆ పొగ ఇంజన్ల మీద రెండు టన్నుల బంగారం! నేనైతే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి కాదు.

తిరుగు దారిలో ముసెన్‌బెర్గ్ జూన్ 3న బోరిస్ అనే గ్రీకు ఓడని ముంచి, జులై 3న ఫ్రాన్స్‌లోని బోర్డో చేరాడు. యు-180 మీద ఆయన లెక్క ఆ రెండు ఓడలే. ఒట్టో క్రెట్ష్మర్ అనే కెప్టెన్ 1941 మార్చిలో పట్టుబడేలోపే 40కి పైగా ముంచాడు. అలాంటి పేర్ల పక్కన ముసెన్‌బెర్గ్‌ని ఎవరూ రాయరు. నేనొక్కణ్ణే అనుకుంటా, ఆయన్ని ఇంజన్ల కోసం గుర్తుపెట్టుకున్నది. ఐదు నెలలు, పోయి రావడం, ఆ ఇంజన్లతో!

"తర్వాత ఆ బెంజ్‌లు ఏమయ్యాయి మామయ్యా?"

పీకేశారు. మామూలు డీజిల్ ఇంజన్లు రెండు పెట్టి సరుకు మోసే సబ్‌మెరైన్‌గా మార్చారు. 1944 జనవరిలో ముసెన్‌బెర్గ్ దాన్ని వదిలి వెళ్లాడు. ఆగస్టులో కొత్త కెప్టెన్‌తో బోర్డో నుంచి బయలుదేరింది. 56 మంది. ఒక్కడూ తిరిగి రాలేదు.

వాడు ఫోన్ పక్కన పెట్టి, క్యాలెండర్ మీద మసి తన కర్చీఫ్‌తో తుడవబోయాడు. తడి గుడ్డ పెట్టకురా, రంగు వచ్చేస్తుంది అన్నాను. బయట ఒక రొయ్యల లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు, "మేస్త్రీ, పొగ తగ్గలేదు" అని.