మేబెల్ పేరు బోర్డెక్కలేదు

నిద్ర పట్టక లేచి వచ్చాను. ఎందుకో చెబితే మావారు మళ్ళీ మొదలుపెడతారు.

ఇవాళ ఇంగ్లండులోని డెవాన్‌లో, డార్ట్‌మూర్ అనే బీడు భూముల అంచునున్న డ్రూస్టెయిన్‌టన్ అనే ఊరు వెళ్ళాం. ఎండ కాసింది, చిన్నది ఆడుకుంది, అంతా బాగానే ఉంది. అక్కడ గడ్డి కప్పిన పాత పబ్బు ఒకటుంది, డ్రూ ఆర్మ్స్ అని. మేబెల్ మడ్జ్ అనే ఆవిడ దాన్ని 1919 నుంచి 1994 దాకా నడిపింది. దిగిపోయేనాటికి ఆవిడకి 99 ఏళ్ళు! బార్ కౌంటర్ అన్నదే లేదట. లోపలి గదిలో పీపాల నుంచి బీరు గ్లాసులోకి పట్టి, గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి అందించేవారు.

నాకు మండింది పేరు దగ్గర. పూర్వం అది డ్రూయిడ్ ఆర్మ్స్. ఆవిడ హయాంలోనే జూలియస్ డ్రూ ఇంటిపేరు మీదికి మారింది. హోమ్ అండ్ కలోనియల్ స్టోర్స్ పెట్టి, టీ అమ్మి, నడివయసు రాకముందే విశ్రాంతి తీసుకోగలిగినంత గడించిన మనిషి ఆయన. ఈ ఊరికి పేరిచ్చిన డ్రోగో తన పూర్వీకుడేనని నమ్మి, దగ్గర్లోని కొండమీద 1911లో కోట మొదలుపెట్టాడు. ప్లాను గీసింది మన న్యూఢిల్లీకి ప్లాను గీసిన ఆర్కిటెక్టు లట్యెన్సే. అది 1930కి గానీ పూర్తికాలేదు, మరుసటేడు డ్రూ పోయాడు. మేబెల్ ఆ తర్వాత కూడా అరవై ఏళ్ళకు పైగా ఆ కిటికీ దగ్గరే ఉంది.

“కోట కట్టినవాడి పేరు పెడతారు గానీ, బీరు పోసిన ఆవిడ పేరు పెడతారా?” అన్నారు ఈయన, కారు తిప్పుతూ. దారంతా నేను మాట్లాడలేదు.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. టిఫిన్ హోటల్ తాతయ్య పేరు మీదే ఉండేది. తాతయ్య గల్లా దగ్గర కూర్చునేవారు. అమ్మమ్మ మూడింటికే లేచి రుబ్బిన పిండి కలిపేది. మోచేతుల దాకా పిండి, గాజులు పైకి తోసి గుడ్డతో కట్టుకునేది. ఇడ్లీ అయిందో లేదో ఆవిరి వాసన బట్టి చెప్పేది, మూత తీసేది కాదు. “అమ్మా, ఇంకో రెండు” అని అవతల నుంచి అరిస్తే, తడిక సందులోంచి ప్లేటు బయటికొచ్చేది. ఆ చేయి తప్ప మనిషిని చూసినవాళ్ళు ఎంతమంది?

అయినా మేబెల్ సంగతి పూర్తిగా అలాంటిది కాదేమో. ఇంగ్లండులో పబ్బు గుమ్మం పైన లైసెన్సు ఎవరిదో వాళ్ళ పేరు చిన్న అక్షరాల్లో రాసేవారు. మనిషి మారితే ఆ పేరు చెరిపి కొత్తది రాసేవారు. మేబెల్ పేరూ అలా గుమ్మం పైన ఉండే ఉంటుంది. ఆవిడ మానేశాక పబ్బులోని ఆవిడ వంటగదికి మేబెల్స్ కిచెన్ అని పేరు పెట్టారు. ఊరూవాడా ఆంటీ మేబెల్ అనే పిలిచారు. తొంభై తొమ్మిదేళ్ళ దాకా ఎవరో బలవంతంగా కూర్చోబెడితే కూర్చునే మనిషి కాదు కదా. ఆవిడ కోరుకున్నది ఆ కిటికీయేనేమో, బోర్డు కోసం ఆరాటం నాదేనేమో.

కానీ వంటగదికి పేరు పెట్టి ఊరుకోవడం మాత్రం నాకిప్పటికీ మింగుడు పడట్లేదు.

రేపు అమ్మకి ఫోన్ చేసి అడగాలి, అమ్మమ్మ ఆ పొయ్యి ముందు మొదట ఏ వయసులో కూర్చుందో. తాతయ్య హోటల్ పెట్టిన సంవత్సరం మాత్రం మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు.