ముక్కు పరిగెత్తిన రోజు

వీడియో కాల్‌లో మా అమ్మ "ఏం నాన్నా, గొంతు అలా ఉందేం?" అని అడిగింది. మా ఏడేళ్లవాడు చాలా సీరియస్‌గా, "అమ్మమ్మా, నా ముక్కు పరిగెడుతోంది" అన్నాడు. అటువైపు గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా నవ్వేశారు. వాడు ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాలుగైదు రోజులు అమ్మమ్మతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాడు.

వాడి తప్పేం లేదు. తెలుగు నేర్పడానికి నేనే ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు తెలుగు మాట. రన్ అన్నదాని ఎదురుగా 'పరిగెత్తు' అని నా చేత్తోనే రాశాను. నేను నేర్పిందే వాడు అప్పజెప్పాడు.

ఆ రాత్రి ఆ పేజీ తీసి, ఆ ఒక్క మాటనీ మనం తెలుగులో ఎన్ని రకాలుగా చెబుతామో రాస్తూ కూర్చున్నాను. ముక్కు కారుతుంది. షాపు నడుస్తుంది. సినిమా ఆడుతుంది. ఉతికితే బట్టల రంగు దిగుతుంది. ఇంట్లో సరుకులు అయిపోతాయి, కానీ ఆ మాట అనడం ఇష్టం లేక పెద్దవాళ్లు 'నిండుకున్నాయి' అంటారు. ఎన్నికల్లో అయితే ఇంగ్లిష్‌లో రన్ చేసే అభ్యర్థి తెలుగులో నిలబడతాడు! మర్నాడు ఇది చెబితే మావాడు గదిలో కాసేపు పరిగెత్తి, కాసేపు కదలకుండా నిలబడి, "ఇప్పుడు నేను రెండు భాషల్లో పోటీ చేశాను" అన్నాడు.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో ఎక్కువ అర్థాలున్న మాట సెట్. దానికి 430 అర్థాలు ఇచ్చారు. తర్వాత కొత్త కూర్పు కోసం మళ్లీ లెక్క తీస్తే, క్రియగా వాడే రన్ ఒక్కదానికే 645 తేలాయి. యంత్రాలు, రైళ్లు వచ్చాక ఈ మాటకి పని బాగా పెరిగింది. ఆ ఒక్క మాట మీద పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నారు. అంతటి మాటకి ఒక్క అర్థం రాసిచ్చి, దాంతో నెట్టుకురమ్మని ఏడేళ్ల పిల్లాడికి ఎలా చెప్పాను?

మాటకి మాట రాసే ఆ పద్ధతి మానేశాను. ఇప్పుడు వాడు తప్పు చెబితే "అలా అనకూడదు" అనను. "ముక్కు కారుతోందా? ఇలా రా, తుడుస్తాను" అంటాను. సరైన మాట వాడి చెవిన పడుతుంది, కబురు ఆగదు. విదేశాల్లో పెరిగే పిల్లలకి తెలుగు మాట్లాడే మనుషులు ఎలాగూ తక్కువ. ఆ ఉన్న నలుగురం కూడా నవ్వితే ఇంకెవరి దగ్గర నోరు విప్పుతారు?

అమ్మకి ఇదంతా చెబితే బాధపడింది. "వాణ్ణేం అనలేదే, ముద్దొచ్చి నవ్వాను" అంది. కాసేపాగి, "వాడికి 'కొట్టు' ఇవ్వు, మనకీ అలాంటి మాట ఉందని తెలుస్తుంది" అంది.

ఎంత మంచి మాట ఇచ్చిందో! కొట్టడమంటే దెబ్బ అనే మావాడికి తెలుసు. "ఈత కొడదామా" అంటే "నీళ్లు ఏం చేశాయని?" అని అడిగాడు. అప్పట్నుంచి వేట మొదలైంది. చప్పట్లు కొట్టడం, ఈల కొట్టడం, టైర్లలో గాలి కొట్టడం. ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది. "కబుర్లు కొట్టడం" అమ్మమ్మ చెప్పింది. సామాన్లు అమ్మే చోటు కూడా కొట్టే అని తెలిసినప్పుడు పెన్సిల్ కింద పెట్టేసి నా వంకే చూశాడు.

నిన్న సాయంత్రం నోట్‌బుక్‌లో పన్నెండో వరుస ఖాళీగా ఉంది. ఎంత ఆలోచించినా ఇంకోటి దొరకలేదు. చివరికి కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మా, బోర్ కొడుతోంది" అన్నాడు. రోజుకి పదిసార్లు అనే మాటే. అని, ఒక్క క్షణం ఆగి, గబగబా పెన్సిల్ అందుకున్నాడు.